గాలి ఊరికే రాదు: ఫాంటసీ నవలల్లో ఓడలు

ఫాంటసీ నవల చేతిలోకి తీసుకోగానే చాలామంది ముందు మ్యాప్ చూస్తారు. నేను ఓడల కోసం వెతుకుతాను. రచయిత ఆ లోకాన్ని ఎంత లోతుగా ఊహించారో తెలుసుకోవడానికి అంతకంటే దగ్గరి దారి నాకు కనిపించలేదు.

కోటనయితే ఊరికే పెట్టేయొచ్చు. ఎవరు కట్టారు, రాయి ఎక్కణ్ణుంచి తెచ్చారు అని ఎవరూ అడగరు. కథ మొదలయ్యేసరికే అది అక్కడ ఉంటుంది. గుర్రానికి గడ్డి ఎవరు వేశారో చెప్పకుండా మూడొందల పేజీలు పరిగెత్తించొచ్చు. ఓడ దగ్గర మాత్రం ఈ పప్పులు ఉడకవు. ఓడ కావాలంటే ముందు చెట్లు కొట్టాలి. ఓడ కదలాలంటే గాలన్నా ఉండాలి, తెడ్డు వేసే చేతులన్నా ఉండాలి. నెలల తరబడి నీళ్ల మీదే ఉంటే లోపల ఎవరు ఏం తింటున్నారు, ఎవరు ఎక్కడ పడుకుంటున్నారు, ఎవరి మాట చెల్లుతోంది అన్నవి చెప్పక తప్పదు.

ఇక మంత్రం ఉన్న లోకమైతే చిక్కు ఇంకా పెరుగుతుంది. గాలిని మంత్రంతో పిలవగలిగితే తెడ్లు ఎందుకు? తెడ్లు అక్కర్లేకపోతే తెడ్డు వేసి బతికే మనిషి ఏమయ్యాడు? మంత్రగాడు పిలిచిన గాలి ఎక్కణ్ణుంచి వచ్చింది? అది వీచాల్సిన చోట ఇప్పుడేం జరుగుతోంది? మంచి రచయితలు ఈ ప్రశ్నల్ని తప్పించుకోరు. నా వాదన ఇంతే: ఫాంటసీ ఓడ ఎంత వింతగా ఉంది అనేది రెండో సంగతి. అది నడవడానికి ఎవరు ఖర్చవుతున్నారు అనేది మొదటి సంగతి. ఆ లెక్క చూపించిన నవలలే నా దగ్గర నిలబడ్డాయి.

నాలుగు లోకాల ఓడల్ని ఈ లెక్కన చూద్దామని ఈ వ్యాసం. కథలో మలుపులు కొన్ని బయటపెట్టక తప్పడం లేదు. ముఖ్యంగా రాబిన్ హాబ్ నవలలు ఇంకా చదవని వాళ్లు ఆ భాగం దాటేసి, చదివాక వెనక్కి రండి.

జాబితాలు చెప్పేవి, చెప్పనివి

ఫాంటసీ ఓడల గురించి మాట్లాడేటప్పుడు మనకి ముందు ఎదురయ్యేవి జాబితాలు. ఎన్ని తెరచాపలు, ఎంత వేగం, ఎంతమంది సిబ్బంది, ఎన్ని ఆయుధాలు. రోల్ ప్లేయింగ్ ఆటల పుస్తకాలు వీటితో నిండిపోయి ఉంటాయి. వాటిని తేలిగ్గా తీసిపారేయడం నాకిష్టం లేదు, ఎందుకంటే కొన్నిసార్లు నవలలు మర్చిపోయిన ప్రశ్నని ఈ పుస్తకాలే అడిగాయి.

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి 1989లో వచ్చిన స్పెల్‌జామర్ చూడండి. అందులో ఓడలు గ్రహాల మధ్య తేలతాయి. నత్తగుల్లలా ఉండే నాటిలాయిడ్ లాంటి రకరకాల ఆకారాలు, వాటికి టన్నుల్లో కొలతలు, పటాలు. చూడ్డానికి పిల్లల బొమ్మల కొట్టులా ఉంటుంది. కానీ ఆ ఓడలన్నిటినీ కదిలించేది ఒక కుర్చీ. మంత్రగాడు అందులో కూర్చుంటే అతని మంత్రశక్తి ఓడకి ఇంధనం అవుతుంది. ఆ రోజుకి అతను ఇంకే మంత్రమూ వేయలేడు. అంటే యుద్ధం వచ్చిందంటే ఓడలో అందరికంటే బలవంతుడైన వాడే అందరికంటే నిస్సహాయుడు. అదే ఆటలో ఇంకో రకం కుర్చీ ఉంది. అందులో కూర్చోబెట్టిన మనిషి ప్రాణాన్నే పీల్చి ఓడని నడుపుతుంది. కూర్చునేవాడు మంత్రగాడు కానక్కర్లేదు, బందీ అయితే చాలు. నిబంధనల పుస్తకంలో నాలుగు లైన్లలో పొడిగా రాసేసిన ఈ సంగతిలో ఒక పెద్ద నవల ఉంది. బానిస వ్యాపారం మీద నడిచిన మన అసలు లోకపు ఓడలకి ఆ కుర్చీ ఎంత దగ్గరో చెప్పక్కర్లేదు.

జాబితా అక్కడే ఆగిపోతుంది. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఎలా ఉంటుందో చెప్పడం దాని పని కాదు. ఆ పని నవలది.

సి. ఎస్. లూయిస్ 'ద వాయేజ్ ఆఫ్ ద డాన్ ట్రెడర్' (1952)లో యూస్టస్ అనే కుర్రాడు నార్నియా ఓడ ఎక్కి, మా లోకంలో లైనర్లు ఉన్నాయి, మోటారు బోట్లు, విమానాలు, సబ్‌మెరైన్లు ఉన్నాయి అని గొప్పలు పోతుంటాడు. వాడి చేతికి ఒక జాబితా ఇస్తే సంతోషంగా దిగిపోయేవాడు. లూయిస్ వాడిని ఆ చిన్న ఓడలోనే ఉంచి, దాహం, తుఫాను, పక్కవాడి మంచితనం చూసేలా చేస్తాడు.

తెలుగు పాఠకులకి ఈ తేడా కొత్తగా నేర్పాల్సిన పని లేదు. మన పేర్లలోనే ఉంది. దోనె అనగానే ఒకే మాను తొలిచి చేసిందని తెలుస్తుంది. తెప్ప అంటే దుంగలు కలిపి కట్టినది. పుట్టి అంటే కృష్ణలో గుండ్రంగా తిరిగే బుట్ట లాంటిది. బల్లకట్టు అంటే బళ్లతో సహా రేవు దాటించేది. ఎంత వేగంగా పోతుందో ఈ పేర్లు చెప్పవు. దేంతో చేశారు, ఎవరెక్కుతారు, ఏ నీళ్లలో పనికొస్తుంది అన్నదే చెబుతాయి. ఫాంటసీలో మంచి ఓడ కూడా అలాంటిదే. పేరు వినగానే దాని వెనకున్న చెట్టూ చెయ్యీ తెలియాలి.

లె గ్విన్: మంత్రంతో నిలబెట్టిన పడవ

ఉర్సులా కె. లె గ్విన్ 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' 1968లో వచ్చింది. ఎర్త్‌సీ అంతా ద్వీపాలే. పడవ లేకపోతే కథే లేదు. అయినా ఇందులో పెద్ద నౌకాదళాలు, జలయుద్ధాలు లాంటివి వెతికితే నిరాశే. ఈ నవలకి కావలసింది చిన్న పడవ.

గెడ్ చదువు ముగించుకుని లో టార్నింగ్ అనే చిన్న ద్వీపానికి మంత్రగాడిగా వస్తాడు. అక్కడ పెచ్‌వారీ అనే పడవలు కట్టే అతనితో స్నేహం కుదురుతుంది. పెచ్‌వారీ దాదాపు నెల్లాళ్లు కష్టపడి ఒక పడవ పూర్తి చేస్తూ, మీరైతే ఒక్క మాటతో చేసేసేవారేమో అన్నట్టు నవ్వుతూ అడుగుతాడు. గెడ్ జవాబు సారాంశం ఇది: చేయగలను, కానీ నేను మంత్రం పట్టి ఉంచినంతసేపే అది తేలుతుంది, వదిలిన మరుక్షణం మునుగుతుంది. నీ పడవ బాగుంది, దానికేమీ అక్కర్లేదు, కావాలంటే గట్టిగా ఉండటానికి ఒక కట్టుమంత్రం వేస్తాను. ఆ తర్వాత మంత్రం లేకుండా పడవ నడపడం గెడ్‌కి పెచ్‌వారీయే నేర్పుతాడు.

ఇంత చిన్న సంభాషణలో ఆ లోకపు ఆర్థికశాస్త్రమంతా ఉంది. మంత్రం పనికి బదులు రాదు. పనికి తోడు మాత్రం వస్తుంది. చెక్క మీద నెల్లాళ్లు పెట్టిన పని చెక్కలోనే ఉండిపోతుంది. మంత్రంతో చేసినది, చేసినవాడి ఒంట్లోంచి క్షణక్షణం ఖర్చవుతూనే ఉంటుంది.

లె గ్విన్ దీన్ని మాటగా వదిలేయదు. తర్వాత గెడ్ పడవ పగిలి ఒక ఇసుక దిబ్బ లాంటి ద్వీపం మీద చిక్కుకుంటాడు. కొట్టుకొచ్చిన చెక్కముక్కలు ఏరుకుని, మంత్రాలతో కలిపి పట్టి, పడవ అనదగ్గ ఒకదాన్ని చేసుకుని బయల్దేరతాడు. అందులో చెక్క ఎంతో మంత్రం అంత. గెడ్ నిద్రపోతే పడవ విడిపోతుంది. పెచ్‌వారీకి చెప్పిన జవాబు ఇప్పుడు తన ఒంటి మీదే రుజువవుతోంది. ఈ ప్రయాణం చదివినప్పుడు నాకు కలిగే అలసట వేరే ఏ మాయానౌక దగ్గరా కలగలేదు.

ఆ ముక్కల పడవలోనే అతను వెస్ట్ హ్యాండ్ చేరతాడు. అక్కడి ముసలి జాలరి దగ్గర మంచి పడవ ఉంది. ముసలాయనకి కళ్లలో పొరలు. గెడ్ ఆ పొరలు పోగొట్టి చూపు తెప్పిస్తాడు, బదులుగా పడవ తీసుకుంటాడు. జాలరి ఒక్క కోరిక కోరతాడు. పడవ పేరు మార్చి లుక్‌ఫార్ అని పెట్టు, ముందు భాగాన అటూ ఇటూ కళ్లు గీయి, నా కృతజ్ఞత అందులోంచి నీకు దారి చూస్తుంది అని. పడవలకి కళ్లు గీయడం ఎన్నో తీరాల్లో ఉన్న ఆచారమే. దాన్ని లె గ్విన్ అలంకారంగా వదిలేయకుండా బాకీ తీర్చిన గుర్తుగా మార్చింది. నాలుగేళ్ల తర్వాత వచ్చిన 'ద ఫార్దెస్ట్ షోర్'లో గెడ్ మహామంత్రగాడై, ఏ ఓడ కావాలన్నా తెప్పించుకోగల స్థితిలో ఉండి కూడా ఆ పడవే ఎక్కుతాడు.

ఎర్త్‌సీలో గాలికీ లెక్క ఉంది. ఒకచోట వాన రప్పిస్తే ఇంకోచోట ఎండిపోవచ్చని గెడ్‌కి చదువుకునే రోజుల్లోనే చెబుతారు. అందుకే పెద్దయ్యాక అతను ప్రకృతి గాలి కోసం ఎదురుచూసే సందర్భాలే ఎక్కువ. శక్తి ఉండీ ఆగడం అన్నది ఇక్కడ నీతిబోధలా వినపడదు, నావికుడి జాగ్రత్తలా వినపడుతుంది.

టోల్కీన్: అందమైన ఓడ, కొట్టేసిన అడవి

టోల్కీన్ ఓడలు అనగానే హంస ఆకారపు తెల్ల ఓడలు గుర్తొస్తాయి. 'ద సిల్మరిలియన్' (1977)లో టెలెరి జాతి ఎల్ఫ్‌లు ఆల్‌క్వలోండె రేవులో కట్టుకున్నవి. ఫెయనోర్ వాటిని అడిగితే వాళ్లు ఇవ్వరు. అలాంటివి మళ్లీ కట్టలేమంటారు. ఫెయనోర్ తన రత్నాల గురించి ఎలా అనుకున్నాడో వాళ్లు తమ ఓడల గురించి అలాగే అనుకున్నారు. దాంతో అతని మనుషులు లాక్కుంటారు, రక్తపాతం జరుగుతుంది. సముద్రం దాటాక లోస్గార్ దగ్గర ఆ ఓడల్నే తగలబెడతాడు. అవతలి ఒడ్డున మిగిలిపోయిన సొంత బంధువులు మంచు మీద నడిచి రావాల్సొస్తుంది, దారిలో ఎందరో పోతారు.

ఇక్కడ ఓడ విలువ చేతిపనిగా చెప్పడం నాకు చాలా ఇష్టం. కానీ టెలెరి ఓడలు ఏ చెట్ల నుంచి వచ్చాయో, ఎవరు మోశారో ఆ కథ చెప్పదు. అవి పవిత్రమైనవి, అంతే. టోల్కీన్ కలం ఎప్పుడూ ఇంత పవిత్రంగానే ఉంటుందనుకునే వాళ్లకి 'అన్‌ఫినిష్డ్ టేల్స్' (1980)లోని ఆల్డారియన్, ఎరెండిస్‌ల కథ చూపిస్తాను. నా లెక్కలో ఆయన రాసిన ఓడ కథల్లో అన్నిటికంటే మంచిది ఇదే. దాన్ని ఆయన పూర్తి చేయలేదు.

ఆల్డారియన్ నూమెనోర్ యువరాజు. సముద్రపు పిచ్చి. ఎరెండిస్‌కి చెట్లంటే ప్రాణం. ఆమెకి సముద్రం సవతి. ఇంతవరకూ చూస్తే ఇంట్లో ఉండని మొగుడి కథలాగే ఉంటుంది. కానీ వాళ్లిద్దరి మధ్య ఉన్న అసలు వస్తువు కలప. అతను ఓడలు కట్టాలంటే ఆమె ప్రేమించే చెట్లు పడాలి. ఆల్డారియన్ బుద్ధిలేనివాడేం కాదు, కొట్టిన చోట మళ్లీ నాటిస్తాడు. అయితే అతను చెట్టులో రేపటి ఓడని చూస్తాడు, ఆమె చెట్టుని చెట్టులా చూస్తుంది. నాటడం ఆ తగాదాని తీర్చదు. టోల్కీన్ ఇద్దరికీ తమ తమ న్యాయం ఇచ్చి, ఎవరినీ గెలిపించకుండా ఆ కాపురాన్ని మెల్లగా చల్లారనిస్తాడు.

ఇంట్లో జరిగిన ఈ తగాదాకి బయట ఇంకా పెద్ద రూపం ఉంది. అదే పుస్తకంలో, ఆల్డారియన్ మిడిల్ ఎర్త్ తీరాన పెట్టిన రేవు కథ చెబుతాడు టోల్కీన్. తర్వాతి కాలంలో నూమెనోర్ వాళ్ల ఓడల కలప కోసం గ్వాత్లో నదికి అటూ ఇటూ ఉన్న మహారణ్యాలు నరికేస్తారు. అక్కడి అడవి జనం మొదట్లో ఊరుకున్నా, తర్వాత ఎదురుతిరుగుతారు. నూమెనోర్ వాళ్లు వాళ్లని శత్రువులుగా చూసి ఇంకా దయ లేకుండా నరుకుతారు. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో ఫ్రోడో వాళ్లు తిరిగే కాలానికి ఆ ప్రాంతమంతా ఎందుకంత బోడిగా ఉందో దీనివల్ల అర్థమవుతుంది. మ్యాప్ మీద ఖాళీగా కనిపించే చోటు ఒకప్పుడు ఓడలై వెళ్లిపోయింది. ఈ సంగతి తెలిశాక నూమెనోర్ రాజుల గొప్ప ఓడల వర్ణన మునుపటిలా చదవలేం. ఆయన దీన్ని ప్రధాన కథలోకి తీసుకురాకుండా అనుబంధాల్లో ఉంచేశాడన్నది నా ఫిర్యాదు.

హాబ్: ప్రాణమున్న ఓడ ఎవరి ప్రాణం?

రాబిన్ హాబ్ 'లివ్‌షిప్ ట్రేడర్స్' మూడు నవలలు: 'షిప్ ఆఫ్ మ్యాజిక్' (1998), 'ద మ్యాడ్ షిప్' (1999), 'షిప్ ఆఫ్ డెస్టినీ' (2000). ఫాంటసీలో ఓడ అంటే ఏమిటి అన్న ప్రశ్నని ఇంత సూటిగా పట్టుకున్న రచన నేను ఇంకోటి చదవలేదు. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

బింగ్‌టౌన్ వర్తక కుటుంబాల దగ్గర విజర్డ్‌వుడ్ అనే కలపతో చేసిన ఓడలుంటాయి. ఆ కుటుంబంలో మూడు తరాల వాళ్లు ఓడ మీదే చనిపోతే, వాళ్ల జ్ఞాపకాలు ఓడలో ఇంకి, ముందున్న చెక్కబొమ్మ కళ్లు తెరుస్తుంది. మాట్లాడుతుంది. కోపగించుకుంటుంది. ఇవి మామూలు చెక్కని తినేసే రెయిన్ వైల్డ్ నది నీళ్లలో కూడా వెళ్లగలవు. ఆ నది పైన దొరికే వింత వస్తువుల వ్యాపారమంతా అందుకే వీళ్ల గుప్పిట్లో ఉంది. ధర ఎంతంటే తరతరాలు అప్పు తీరదు. బంగారంతో తీర్చలేకపోతే ఇంటి బిడ్డని ఇవ్వాలి. మన ఊళ్లలో తాత చేసిన అప్పుకి మనవడు చాకిరీ చేసిన కథలు విన్నవాళ్లకి ఈ షరతు వింతగా అనిపించదు.

తెలుగులో వీటి గురించి రాయబోతే ఒక తమాషా ఎదురవుతుంది. ఇంగ్లీషులో నావికులు ఓడని ఆడమనిషిని అన్నట్టు అంటారు. హాబ్ ఆ అలవాటునే కథగా మార్చింది. మనకి ఓడ 'అది'. కానీ మన క్రియలో 'అది', 'ఆమె' రెండూ ఒకటే: అది నవ్వింది, ఆమె నవ్వింది. వివేషియా ఓడ కళ్లు తెరిచే ముందూ తర్వాతా క్రియ మార్చకుండానే తెలుగులో కథ నడిపేయొచ్చు. వస్తువు ఎప్పుడు మనిషయిందో పాఠకుడికి తెలియనివ్వకుండా. అదే పారగన్ దగ్గర కుదరదు. పారగన్ మగ ఓడ, కళ్లు నరికేసిన ముఖంతో ఒడ్డున పడి ఉన్నవాడు. 'ఏడ్చింది' అనాలా 'ఏడ్చాడు' అనాలా అని ప్రతి వాక్యం దగ్గరా తేల్చుకోవాలి. ఊరివాళ్లకి పారగన్ 'అది', ప్రేమించిన వాళ్లకి 'వాడు'. అనువదించేవాళ్లు ఎవరైనా ముందుకొస్తే ఈ నవల గుండెకాయ ఆ సర్వనామంలోనే ఉందని చెబుతాను.

వెస్ట్రిట్ కుటుంబపు ముసలి కెప్టెన్ ఓడ మీదే చనిపోతాడు, వివేషియా మేల్కొంటుంది. తనదే అనుకున్న ఓడ కూతురు ఆల్థియాకి దక్కదు. అల్లుడు కైల్ హేవెన్ చేతికి వెళుతుంది. అతనికి అప్పులు తీర్చాలి, లాభం కావాలి. బానిసల్ని ఎక్కిస్తాడు. కన్నకొడుకు విన్‌ట్రో పారిపోతే, బానిసల వేలంలోనే వాడిని కొని, ముఖం మీద ఓడ గుర్తు పచ్చబొట్టు పొడిపిస్తాడు. కుటుంబపు ఓడ కాబట్టి కుటుంబంలో ఎవడో ఒకడు ఎక్కి ఉండాలి, అంతే. కొడుక్కీ సరుక్కీ తేడా చెరిగిపోయే ఈ దృశ్యం ఈ మూడు నవలల్లోకెల్లా భయంకరమైనది. కైల్ రాక్షసుడు కాదు. ఇంటి లెక్కలు సరిచేద్దామనుకున్న మామూలు మగాడు. అందుకే ఇంకా భయం.

అసలు దెబ్బ ఇంకా ముందుంది. విజర్డ్‌వుడ్ చెక్కే కాదు. డ్రాగన్లు పుట్టడానికి సముద్రసర్పాలు తమ చుట్టూ అల్లుకున్న గూళ్లు అవి. లోపలున్న ప్రాణిని పారబోసి, గూడుని పలకలుగా కోసి ఓడలు కట్టారు. ఓడ మాట్లాడేది మూడు తరాల వాళ్ల జ్ఞాపకాలతో మాత్రమే కాదు, చంపేసిన ప్రాణి జ్ఞాపకంతో కూడా. బింగ్‌టౌన్ వాళ్లు ఎంతగానో ప్రేమించిన, అమ్మ అనీ చెల్లి అనీ పిలుచుకున్న ఓడ ఒక శవం. ప్రేమ అబద్ధం కాదు, హత్యా అబద్ధం కాదు. ఈ రెండూ పక్కపక్కన ఎలా ఉంటాయో హాబ్ వందల పేజీల పాటు తప్పించుకోకుండా చూస్తుంది. తాతలు కట్టిన ఇంటిని ప్రేమిస్తూ, అది ఎవరి భూమి మీద లేచిందో తెలుసుకున్న మనవడి ఇబ్బంది ఇది.

ఇంత మెచ్చుకున్నాక నా అభ్యంతరం కూడా చెప్పాలి. వివేషియా అడుగున గొలుసులతో ఉన్న బానిసల బాధ మనకి ఎక్కువగా ఓడ బాధగానే చేరుతుంది. వాళ్లు చనిపోతుంటే ఓడ విలవిల్లాడుతుంది, మనం ఓడ కోసం విలవిల్లాడతాం. తిరుగుబాటు నడిపిన పూజారి సా'ఆదార్ లాంటి ఒకరిద్దరిని వదిలేస్తే వాళ్లకి పేర్లు తక్కువ, గతం తక్కువ. చెక్కకి ఇంత వివరమైన మనసు ఇచ్చిన రచయిత్రి, అడుగున ఉన్న మనుషులకి అందులో సగం ఇచ్చి ఉంటే ఈ నవలలు ఇంకో మెట్టు ఎక్కేవి. ఓడని మనిషిని చేయడంలో ఉన్న ప్రమాదం ఇదే. ఓడ మీద జాలి పుట్టాక, ఓడలో ఉన్నవాళ్ల మీద జాలికి చోటు తగ్గుతుంది.

మియెవిల్: దిగిపోలేని ఓడ

ఆ అడుగున ఉన్నవాళ్ల వైపు నుంచి మొదలుపెట్టిన నవల చైనా మియెవిల్ 'ద స్కార్' (2002). న్యూ క్రోబుజోన్ అనే నగరం నుంచి టెర్ప్‌సికోరియా అనే ఓడ ఖైదీలతో వలస రాజ్యానికి బయల్దేరుతుంది. వాళ్లలో చాలామంది రీమేడ్‌లు, అంటే శిక్షగా శరీరాల్ని మార్చేసిన వాళ్లు. సముద్రపు దొంగలు ఓడని పట్టుకుని అర్మాడాకి తీసుకెళతారు. అర్మాడా అంటే వందల ఓడల్ని తాళ్లతో, వంతెనలతో కలిపి కట్టిన తేలే నగరం. ఓడల మీద ఇళ్లు, తోటలు, దోచుకొచ్చిన పుస్తకాలతో లైబ్రరీ.

అక్కడ రీమేడ్‌లకి స్వేచ్ఛ, సమాన హోదా. టానర్ సాక్ అనే ఖైదీకి అది పుట్టిన ఊరికంటే మంచి ఊరు. అదే ఓడలో మామూలు ప్రయాణికురాలిగా వచ్చిన బెల్లిస్ కోల్డ్‌వైన్‌కి అది జైలు, ఎందుకంటే అర్మాడా నుంచి ఎవరూ వెళ్లిపోవడానికి వీల్లేదు. ఒకే చెక్క మీద నిలబడి ఒకడు విడుదలయ్యాడు, ఒకామె బందీ అయింది. ఓడ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకి, ఎక్కింది ఎవరు అని ఎదురు ప్రశ్న వేస్తాడు మియెవిల్.

నగరం వేగంగా కదలాలని పాలకులకి ఆశ పుడుతుంది. సముద్రం అడుగు నుంచి అవాంక్ అనే కొండంత జంతువుని పిలిచి గొలుసులు వేస్తారు. స్వేచ్ఛా నగరాన్ని లాగేది గొలుసులు వేసిన ప్రాణి. ఈ వైరుధ్యాన్ని రచయిత ఎక్కడా వేలెత్తి చూపించడు, చూపించాల్సిన పనీ లేదు. వర్ణనల్లో మియెవిల్‌ది చెయ్యి తిరగడం ఎక్కువ, ఆగడం తక్కువ. కొన్ని పేజీలు నేను గబగబా తిప్పేశాను. కానీ ఈ నలుగురిలో ఓడని ఒక సమాజంగా, పన్నులు, కొట్లాటలు, ఓట్లు, వదంతులు ఉన్న చోటుగా చూసింది ఆయనే.

మన రేవులు

ఇదంతా ఇంగ్లీషు నవలల సంగతి, మనకెందుకు అనొచ్చు. తెలుగులో ఇప్పుడు ఫాంటసీ రాయాలనుకునే యువత ఎక్కువవుతున్నారు కాబట్టి అడగాల్సిన ప్రశ్నే. నేను చదివిన ప్రయత్నాల్లో రాజ్యాలు, రత్నాలు, శాపాలు దండిగా ఉన్నాయి. నాయకుడు ఓడెక్కడం, తుఫాను రావడం, ఒడ్డున తేలడం కూడా ఉన్నాయి. ఆ ఓడలో ఇంకెవరున్నారో, వాళ్లేమయ్యారో ఉండదు. కళాసీలు తుఫాను దాకా ఉంటారు, తర్వాత పేరాలో ఉండరు.

మనకి సరుకు తక్కువై కాదు. శాతవాహన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు స్తంభాల ఓడ ఉంది. అంటే ఓడని తన గుర్తుగా చేతిచేతికీ తిప్పిన రాజ్యం మనది. దానికంటే కూడా నన్ను ఆపేది క్రీ.శ. 1244-45 నాటి మోటుపల్లి శాసనం. తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా అంతకుముందు రాజులు లాగేసుకునేవాళ్లు. కాకతీయ గణపతిదేవుడు ఇకమీదట నిర్ణీత సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని వర్తకులకి అభయమిస్తూ రాయి మీద చెక్కించాడు. కొట్టుకొచ్చిన ఓడ ఎవరిది? ప్రాణాలతో బయటపడ్డవాడికి తన సరుకు మీద హక్కు ఉందా? ఒక లోకం ఎలాంటిదో చెప్పడానికి ఈ రెండు ప్రశ్నలు చాలు. రాజు జాలి పడ్డాడా, వర్తకులు వేరే రేవుకి పోతారని లెక్క వేశాడా? శాసనం జాలి అంటుంది. నవలాకారుడు రెండోది కూడా అడుగుతాడు.

ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగిని 1839 తుఫాను ఊడ్చేసింది. అక్కడ పలకలు కోసినవాళ్లు, కీళ్లు బిగించినవాళ్లు, తెరచాపలు కుట్టినవాళ్లు ఎవరు? ఆ పనిలో మంత్రం కూడా కలిసి ఉంటే ఆ తుఫాను ఎవరు చేసిన అప్పుకి వడ్డీ అయి ఉండేది? ఇలాంటి ప్రశ్నతో మొదలయ్యే తెలుగు ఫాంటసీ వస్తే, అందులో ఓడకి ఎన్ని తెరచాపలున్నాయో చెప్పకపోయినా నేను చదువుతాను.

ఈ నాలుగిట్లో ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లకి: చిన్న పుస్తకం కావాలంటే లె గ్విన్, ఒక సాయంత్రంలో అయిపోయే కథ కావాలంటే ఆల్డారియన్, ఎరెండిస్. నెల రోజులు తీరిక ఉంటే హాబ్. మియెవిల్‌ని హాబ్ తర్వాతే చదవండి. వివేషియా అడుగున మనం సరిగ్గా చూడలేకపోయిన ముఖాలు అర్మాడా వీధుల్లో ఎదురవుతాయి.